అమ్మ ఒక్కతే ఉండే ఇంటికి, పడితే సాయానికి పిలిచే బటన్ ఎలా పెట్టాలి

మా అమ్మ అనంతపురంలో ఒక్కతే ఉంటుంది. వయసు 74. నేనూ తమ్ముడూ బెంగళూరులో. రెండేళ్ల కిందట ఒకరోజు తెల్లవారుజామున బాత్‌రూంలో జారి పడింది. రోజూలాగే ఆరున్నరకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. స్నానం చేస్తూ ఉంటుందిలే అనుకున్నాను. మళ్లీ చేశాను, మళ్లీ చేశాను. ఎనిమిదింటికి పనమ్మాయి వచ్చి తలుపు కొడితే లోపలి నుంచి సన్నగా మాట వినపడింది. ఎదురింటి అబ్బాయి గోడ దూకి బాత్‌రూం గడియ పగలగొట్టి బయటికి తెచ్చాడు. మణికట్టు విరిగింది, తుంటి ఎముక బతికిపోయింది.

ఆస్పత్రిలో అమ్మ అన్న మాట ఇది: "ఫోన్ మోగుతానే ఉండె పాపా. నాకు ఇనపడతానే ఉండె. లేసేకి కాలే."

ఫోన్ హాల్లో టీవీ స్టాండు మీద ఉంది. అంతకు మూడు నెలల ముందు, పడితే దానంతటదే ఫోన్ చేసే వాచీ ఒకటి కొనిచ్చాం. అది బీరువాలో, డబ్బాలోనే ఉంది. గీతలు పడతాయని దాచిపెట్టింది.

ఆ తర్వాత ఈ రెండేళ్లలో ఇంటిని ఒక్కొక్కటిగా సర్దుకుంటూ వచ్చాం. మీ అమ్మానాన్నలో, అవ్వాతాతలో ఇలాగే ఊళ్లో ఉంటే మీకు పనికొస్తుందని ఆ వరుసలోనే రాస్తున్నాను. వరుస మార్చొద్దు. మేము వాచీతో మొదలుపెట్టి తప్పు చేశాం.

మొదట ఒక రోజంతా పక్కన కూర్చోండి

ఏదీ కొనకముందు ఒక పూర్తి రోజు, పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా, వాళ్లతో ఉండండి. చేతిలో నోటుబుక్కు పెట్టుకోండి. ఎన్నింటికి లేస్తారు, ఏ గోడ పట్టుకుని నడుస్తారు, ఫోన్ ఎక్కడ పెడతారు, రాత్రి ఎన్నిసార్లు బాత్‌రూంకు పోతారు, ఏ మెట్టు దగ్గర ఆగుతారు, ఏ మాత్ర మర్చిపోతారు, అన్నీ రాయండి. సలహాలేమీ ఇవ్వకండి, చూడండి అంతే.

అమ్మ విషయంలో నేను ఊహించనివి మూడు కనపడ్డాయి. చీకటితోనే లైటు వేయకుండా బాత్‌రూంకు పోతుంది, కరెంటు దండగని. వేడినీళ్ల బకెట్ వంటింటి నుంచి తనే మోసుకుపోతుంది. ఎండాకాలంలో వడియాలు పెట్టడానికి మిద్దె మీదికి చేతిలో పళ్లెంతో ఎక్కుతుంది, అంటే మెట్ల కమ్మీ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీగా ఉండదు. ఈ మూడింటిలో ఒక్కదానికీ వాచీ పనికిరాదు.

మోగితే ఎవరొస్తారో తేల్చుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. బ్రిటన్ లాంటి చోట్ల పెద్దవాళ్ల మెడలో బటన్ ఉంటుంది. నొక్కితే ఒక కేంద్రానికి పోతుంది, అక్కడి మనిషి మాట్లాడి, ముందే రాసిచ్చిన జాబితాలోని బంధువుకో పక్కింటివాళ్లకో ఫోన్ చేస్తారు. అంటే అక్కడ కూడా చివరికి తలుపు తీసుకుని లోపలికి వచ్చేది తాళంచెవి ఉన్న మనిషే. మన ఊళ్లో మధ్యలో ఆ కేంద్రం ఉండకపోవచ్చు. మనిషిని మాత్రం మనమే వెతుక్కోవాలి.

కనీసం ముగ్గురు కావాలి. ఒకరు గోడ అవతల, రెండు నిమిషాల్లో రాగలిగేవాళ్లు. రెండోవాళ్లు అదే వీధిలో, మొదటివాళ్లు ఊరికి పోయినప్పుడు ఉండేవాళ్లు. మూడోవాళ్లు బండో కారో ఉండి, అర్ధరాత్రి లేపినా ఆస్పత్రికి తీసుకుపోగలిగేవాళ్లు. బెంగళూరులో ఉన్న నేను ఈ ముగ్గురిలో లేను. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు టైం పట్టింది. బటన్ నొక్కితే మొదటి ఫోన్ నాకే రావాలని పట్టుబట్టాను. నేను బయలుదేరి వచ్చేసరికి నాలుగు గంటలు పడుతుంది. ఇప్పుడు మొదటి ఫోన్ ఎదురింటి అక్కకు, నాది నాలుగోది.

ఈ ముగ్గురినీ ఫోన్లో అడగకండి. ఇంటికి పోయి, కూర్చుని, వివరంగా చెప్పి అడగండి. మా ఎదురింటి అక్క "దీనికి అడగాల్నా?" అంది, కానీ అడిగినందుకు సంతోషపడిందని ముఖంలో తెలిసింది. బీగంచెవి ఒకటి వాళ్ల దగ్గర పెట్టండి. వీధి తలుపుకు లోపల అడ్డగడియ ఉంటే తాళంచెవి ఉన్నా లాభం లేదు, కాబట్టి రెండువైపులా తాళంచెవితో తీయగలిగే తాళం వేయించి, అడ్డగడియ తీసేయండి.

బాత్‌రూం

డబ్బు ఖర్చు పెట్టాల్సింది ముందు ఇక్కడ.

మన ఇళ్లల్లో కింద కడప బండలో బేతంచెర్ల బండలో ఉంటాయి. గరుకుగా ఉన్నంతకాలం అవి బంగారం. పాలిష్ పట్టిన నల్లబండ మీద సబ్బునీళ్లు పడితే అద్దమే. మా ఇంట్లో జారింది అక్కడే. బేల్దారి మేస్త్రీని పిలిచి, స్నానం చేసే చోట బండ మీద ఉలితో దగ్గరదగ్గరగా గాట్లు కొట్టించాం. ఒక్కపూట పని. అలా కుదరకపోతే కింద రబ్బరు బుడిపెలు, మధ్యలో రంధ్రాలు ఉండే పెద్ద చాప వేయండి. వారానికోసారి ఎత్తి కడగకపోతే దాని కిందే పాకుడు పడుతుంది. బాత్‌రూం గడప కూడా నల్లరాయే అయితే, చూపు మందగించినవాళ్లకు మెట్టు ఎక్కడ దిగుతుందో తెలియదు. అంచు మీద తెల్లదో పసుపుదో టేపు అంటించండి. రెండు నిమిషాల పని, అమ్మ అన్నిటికంటే మెచ్చుకున్నది దీన్నే.

పట్టుకునే కడ్డీలు రెండు కావాలి. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి. హార్డ్‌వేర్ షాపులో గ్రాబ్ బార్ అని అడగండి. ఎత్తు ఎంతని షాపువాణ్ణి అడగొద్దు, టేపుతో కొలవొద్దు. అమ్మను కమోడ్ మీద కూర్చోబెట్టి లేవమనండి. చెయ్యి తనంతట తాను గోడ మీద ఎక్కడికి పోతుందో అక్కడ సుద్దతో గీత గీయండి. మేము అలా గీస్తే, మేస్త్రీ అనుకున్నదానికంటే జానెడు కిందికి వచ్చింది. పాతకాలపు మట్టి, రాతి గోడలైతే మామూలు స్క్రూలు నిలవవు. గోడ అవతలి వైపు ప్లేటు పెట్టి బోల్టులు బిగించాలి. బిగించాక ఇంట్లో బరువైన మనిషి ఒకరు వేలాడి చూడాలి. గాలి బిళ్లతో గోడకు అతుక్కునే కడ్డీలు కొనకండి, అవి ఊడివచ్చేది సరిగ్గా బరువు పడినప్పుడే. టవల్ కమ్మీ పట్టుకుని లేచే అలవాటుంటే దాన్ని తీసేయండి, అదీ ఊడుతుంది.

కాళ్లకు రబ్బరు బుష్‌లున్న స్నానపు స్టూలు వేయండి. మామూలు ప్లాస్టిక్ కుర్చీ తడిబండ మీద కాళ్లు చాపేస్తుంది. బకెట్లో హీటర్ రాడ్డు వేసే అలవాటును గీజరుతో మాన్పించండి. తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పించండి, పడిన మనిషి తలుపుకు అడ్డంగా పడితే లోపలికి తోయలేం. గడియ స్థానంలో, బయటి నుంచి రూపాయి బిళ్లతో తిప్పి తీయగలిగే తాళం వేయించండి. పడకగది నుంచి బాత్‌రూం దాకా మనిషి కదిలితే వెలిగే సెన్సర్ బల్బులు రెండు పెట్టండి. మా అమ్మ కరెంటు బిల్లు ఆలోచన దాంతోనే తీరింది. స్విచ్ తను వేయడం లేదు కదా.

ఇప్పుడు బటన్

మూడు రకాలు చెబుతాను, తేలికైనదాని నుంచి.

మొదటిది, తీగ లేని కాలింగ్ బెల్. ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది. మోగే డబ్బాను ఎదురింటివాళ్ల ప్లగ్గులో పెట్టండి. బటన్‌ను బాత్‌రూంలో కడ్డీ కింద, నేల నుంచి ఒక అడుగు ఎత్తులో అంటించండి. పడిన మనిషి చెయ్యి అంతకంటే పైకి అందదు, మామూలు స్విచ్చుల ఎత్తులో పెడితే వృథా. నీళ్లు చిమ్మినా తట్టుకునే రకమే తీసుకోండి. డబ్బా మీద రాసిన దూరం మైదానంలో లెక్క. గోడలుంటే అందులో చాలా తగ్గిపోతుంది, కొనేముందు ఇంట్లో పెట్టి చూస్తామని షాపువాళ్లతో మాట్లాడుకోండి. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, చార్జింగ్ అక్కర్లేదు. బటన్లో చిన్న సెల్లు ఉంటుంది, ఏడాదికోసారి మార్చండి. మా ఇంట్లో ఇప్పటిదాకా నిజంగా పనికొచ్చింది ఇదొక్కటే.

రెండోది, పెద్ద అంకెలు, వెనక ఎర్ర బటన్ ఉండే కీప్యాడ్ ఫోన్. బటన్ నొక్కి పట్టుకుంటే మీరు పెట్టిన నంబర్లకు ఒకదాని తర్వాత ఒకటి పోతుంది. ఎర్ర బటన్ లేని ఫోనైనా ఫర్వాలేదు. 2017 నుంచి దేశంలో అమ్మే ఫోన్లలో అత్యవసర బటన్ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. కీప్యాడ్ ఫోన్లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే, స్మార్ట్‌ఫోన్లో పవర్ బటన్ మూడుసార్లో అయిదుసార్లో గబగబా నొక్కితే అత్యవసర నంబరు 112కు పోతుంది. మీ ఫోన్లో ఏది పనిచేస్తుందో సెట్టింగ్స్‌లో చూసుకోండి. ఫోన్ టీవీ స్టాండు మీద ఉంటే ఇవన్నీ దండగే. అమ్మకు మెడలో వేసుకునే చిన్న గుడ్డసంచి కుట్టించాను, జాకెట్టు రంగులోనే. నైలాన్ తాడుతో ఇస్తే వేసుకోలేదు, పూసల దండకు తగిలిస్తే వేసుకుంది. ఇలాంటి చిన్న విషయమే వేసుకుంటారో లేదో తేలుస్తుంది.

మూడోది, వాచీ. యాపిల్ 2018లో తెచ్చిన వాచీ నుంచి, పడితే గుర్తుపట్టే సదుపాయం ఉంది. పడ్డాక మనిషి ఒక నిమిషం కదలకపోతే అదే ఫోన్ చేస్తుంది. మంచి వస్తువే. కానీ గట్టిగా పడితే పట్టుకున్నట్టు, గోడకు ఆనుకుని మెల్లగా జారి కూలబడితే పట్టుకోకపోవచ్చు. పెద్దవాళ్లు అలా కూలబడటమూ ఉంటుంది. పైగా తరచూ చార్జింగ్ పెట్టాలి. చాలామంది రాత్రి తీసి పెడతారు, రాత్రి బాత్‌రూంకు లేచి పడితే అది చేతికి ఉండదు. చార్జింగ్ మధ్యాహ్నం అన్నం తిన్నాక, టీవీ ముందు కూర్చున్నప్పుడు పెట్టే అలవాటు చేయించగలిగితేనే కొనండి.

ఇంకొక మాట. కేంబ్రిడ్జ్‌లో 90 ఏళ్లు దాటినవాళ్లను ఏడాదిపాటు గమనించిన అధ్యయనం ఒకటి 2008లో వచ్చింది. చాలామంది ఇళ్లలో బటన్లున్నాయి. పడిపోయి చాలాసేపు నేల మీదే ఉండిపోయినవాళ్లలో ఎక్కువమంది వాటిని నొక్కలేదు. మా అమ్మ మొదట్లో ఇలా అంది: "ఊరికే మోగిస్తే ఎదురింటోళ్లు ఏమనుకుంటారు పాపా?" అందుకే నొక్కడం అలవాటు చేయాలి. ప్రతి నెలా ఒకటో తేదీన వీధిలో పింఛన్లు పంచుతారు, అది ఎవరూ మర్చిపోని రోజు. ఆ పొద్దునే బటన్ నొక్కి చూసేది. ఎదురింటి అక్క నడుచుకుంటూ వస్తుంది, ఇద్దరూ కాఫీ తాగుతారు. నాలుగైదు నెలలకు మొహమాటం పోయింది. అభ్యాసం మంచం మీద కూర్చుని చేయొద్దు. బాత్‌రూం నేల మీద చాప వేసి, కూర్చోబెట్టి, అక్కడి నుంచి చెయ్యి చాచి నొక్కించండి.

కరెంటు పోయినప్పుడు

బ్రిటన్‌లో పాత రాగితీగ ఫోన్లను తీసేయడాన్ని 2027 జనవరికి వాయిదా వేశారు. ముఖ్య కారణాల్లో ఒకటి, ఆ లైన్ల మీద నడిచే పెద్దవాళ్ల మెడలోని బటన్లే. పాత లైను కరెంటు లేకపోయినా పనిచేసేది, కొత్త లైను ఇంటర్నెట్ మీద నడుస్తుంది కాబట్టి, కరెంటు పోతే రౌటర్‌తో పాటే ఆగిపోతుంది. మనకు ఎండాకాలం కోతలున్నాయి కాబట్టి ఈ లెక్క ముందే వేసుకోవాలి. వైఫైతో నడిచేది ఏదైనా పెడితే రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టండి, లేదా ఇన్వర్టర్ లైనులో కలపండి. సెన్సర్ బల్బుల్లో ఒకటి బ్యాటరీది ఉండాలి. ఎదురింట్లో పెట్టిన బెల్లు డబ్బా కూడా వాళ్ల ఇన్వర్టర్ ప్లగ్గులోనే ఉండాలి, మేము దీన్ని రెండు నెలల తర్వాత గానీ గమనించలేదు.

బీపీ, షుగరు, ఫోన్లో డాక్టరు

మణికట్టుకు కట్టే బీపీ మిషన్ వద్దు, జబ్బకు పట్టీ కట్టే డిజిటల్ మిషన్ తీసుకోండి. పట్టీ జబ్బ లావుకు సరిపోవాలి. కాఫీ తాగాక అరగంట ఆగి, వీపు ఆన్చి అయిదు నిమిషాలు కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. ఇంట్లో ఇలా చూసినప్పుడు సగటున 135/85 దాటుతుంటే డాక్టరుకు చెప్పండి. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని మాత్రలు పెంచొద్దు. రోజూ కాదు, డాక్టరు చెప్పినన్ని రోజులే చూడండి. రోజుకు పదిసార్లు చూసుకుంటే ఆ భయానికే బీపీ పెరుగుతుంది.

షుగర్ స్ట్రిప్పులకు మన ఎండ శత్రువు. చాలా రకాలు 30 డిగ్రీలు దాటితే చెడతాయి. వంటింటి అలమరాలో, కిటికీ దగ్గర పెట్టొద్దు, డబ్బా మూత తెరిచి ఉంచొద్దు. ఇన్సులిన్ వాడేవాళ్లుంటే, కరెంటు పోయి ఫ్రిజ్ ఆగినప్పుడు మట్టికుండ ఉపాయం గుర్తుంచుకోండి. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, ఇన్సులిన్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి అందులో ఉంచి, తడిగుడ్డ కప్పాలి. షుగరు 70 కంటే తగ్గితే, లేదా చెమటలు పట్టి వణుకొస్తే, మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి.

మాత్రలకు వారం డబ్బా పెట్టండి, ఏడు రోజులు, రోజుకు మూడు గడులు. ఆదివారం ఎవరో ఒకరు నింపాలి. మేము వీడియో కాల్లో చూస్తూ అమ్మతోనే నింపిస్తాం.

ఈ-సంజీవని కేంద్ర ప్రభుత్వ సేవ, ఉచితం. మొబైల్ నంబరుకు వచ్చే ఓటీపీతో లోపలికి పోయి డాక్టరుతో వీడియోలో మాట్లాడొచ్చు, మందుల చీటీ ఫోన్లోకే వస్తుంది. 2020 మార్చిలో వచ్చిన నియమాల ప్రకారం దేశంలో రిజిస్టరైన డాక్టరు ఎవరైనా ఇలా చూసి మందులు రాయొచ్చు, కొన్ని రకాల మందులు తప్ప. పాత చీటీలు, బీపీ పుస్తకం ఫోటోలు ముందే తీసి పెట్టుకోండి. అయితే గుండెలో నొప్పి, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం వీటిలో ఏది వచ్చినా వీడియో డాక్టరు కోసం చూడొద్దు. వెంటనే 108. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు.

కెమెరా గురించి

అడగకుండా పెట్టొద్దు. మా తమ్ముడు హాల్లో ఒకటి పెట్టించాడు. అమ్మ ఏమీ అనలేదు, మర్నాటి నుంచి వంటింట్లోనే కూర్చోవడం మొదలుపెట్టింది. వారం తర్వాత తీసేశాం. ఇప్పుడు పొద్దున కాఫీ తాగాక అమ్మ వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెడుతుంది. ఏడింటికల్లా రాకపోతే నేను ఎదురింటికి ఫోన్ చేస్తాను. కెమెరా నిజంగా కావాలంటే, వాళ్లు ఒప్పుకుంటే, వీధి తలుపు మీద పెట్టండి. పడకగదిలో, బాత్‌రూంలో ఎప్పుడూ వద్దు.

చెవులు సరిగ్గా వినపడకపోతే పైవన్నీ సగమే పనిచేస్తాయి, ముందు చెవి పరీక్ష చేయించండి. కేంద్రం 2017లో నెల్లూరులో మొదలుపెట్టిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద, ఆదాయం తక్కువ ఉన్న పెద్దవాళ్లకు వినికిడి యంత్రాలు, చేతికర్రలు, వాకర్లు, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు ఉచితంగా ఇస్తారు. శిబిరాలు ఎప్పుడో కలెక్టరేట్‌లో వయోవృద్ధుల విభాగంలో అడగండి. 70 నిండితే ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయవందన కార్డు వస్తుంది, ఏటా 5 లక్షల దాకా వైద్యం.

గోడ మీద కాగితం, ఎదురింట్లో కాగితం

గోడ మీద, బొటనవేలంత అక్షరాలతో రాయండి: ముగ్గురి నంబర్లు, అంబులెన్స్ 108, పోలీసు, అగ్నిమాపకం 112, పెద్దవాళ్ల సహాయానికి పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా 14567, ఫోన్లో ఎవరైనా డబ్బు కాజేస్తే 1930. స్మార్ట్‌ఫోన్ ఇచ్చిన రోజే ఈ చివరిదాని గురించి చెప్పండి. పోలీసులమని వీడియో కాల్ చేసి అరెస్టు చేస్తామనేవాడు దొంగేనని, వెంటనే పెట్టేయమని, పెట్టేసి నాకు చెప్పమని అమ్మతో మూడుసార్లు అనిపించాను.

ఎదురింట్లో పెట్టే కాగితం వేరు. బెల్లు మోగి లోపలికి పోయాక ఏం చేయాలో అందులో ఉండాలి, ఎందుకంటే కంగారులో మనమంతా చేసే మొదటి పని చంకల కింద చేతులు వేసి లేపడం. మా కాగితంలో రాసింది ఇది:

"వెంటనే లేపొద్దు. పక్కన కూర్చుని మాట్లాడండి. ఎక్కడ నొప్పో అడగండి. ఒక కాలు పొట్టిగానో పాదం బయటికి తిరిగినట్టో కనపడితే కదిలించొద్దు, దుప్పటి కప్పి 108కు చేయండి. తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉందని అమ్మ అన్నా ఆస్పత్రికి తీసుకుపోండి, రక్తం పలచబరిచే మాత్ర వేసుకుంటుంది. ఎక్కడా నొప్పి లేదంటే పక్కకు తిప్పి, మోకాళ్ల మీదికి రానిచ్చి, ముందు బరువైన కుర్చీ పెట్టండి. దాన్ని పట్టుకుని తనే లేస్తుంది, మీరు నడుము దగ్గర ఆసరా ఇస్తే చాలు. తర్వాత నాకు ఫోన్ చేయండి, ఏ టైమైనా సరే. మందుల చీటీలు దేవుడి గూటి కింద సొరుగులో ఉన్నాయి."